ఊరగాయకు రైలు పెట్టెలు కట్టించిన హైంజ్

గూడ్సు బండిలో బొగ్గు పోతుంది, సిమెంటు పోతుంది, పెట్రోలు పోతుంది. మరి ఊరగాయ? వంద ఏళ్ళ కిందట అమెరికాలో దానికి ప్రత్యేకంగా రైలు పెట్టెలే ఉండేవి. పెట్టె అడుగున మామూలు చక్రాల ఫ్రేమ్, దాని మీద వరుసగా నాలుగో, అయిదో, ఆరో పెద్ద చెక్క తొట్లు, పైన ఒక కప్పు. తొట్ల నిండా ఉప్పునీళ్ళలో ఊరుతున్న దోసకాయలు. వాటిని బాగా వాడుకున్న కంపెనీల్లో ఒకటి హైంజ్. మన సూపర్‌మార్కెట్లో కెచప్ సీసా మీద కనిపించే పేరే. ఆ పేరు గల మనిషి 31 ఏళ్ళకే దివాలా తీశాడు. ఎందుకో చూస్తే ఆ రైలు పెట్టె కథ కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

హెన్రీ జాన్ హైంజ్ 1844 అక్టోబరు 11న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు. పక్కనే ఉన్న షార్ప్స్‌బర్గ్‌లో పెరిగాడు. ఎనిమిదేళ్ళకే పెరట్లో మిగిలిన కూరగాయలు బుట్టలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి మూడున్నర ఎకరాల తోట, ఒక గుర్రం, ఒక బండి.

అప్పట్లో హార్స్‌ర్యాడిష్ అనే ఘాటైన దుంప పచ్చడికి మంచి గిరాకీ. తురుముతుంటే కళ్ళు మండుతాయి, చేతులు చెక్కుకుపోతాయి కాబట్టి జనం కొనుక్కోవడానికే ఇష్టపడేవారు. కానీ చాలామంది వ్యాపారులు అందులో టర్నిప్ తురుము కలిపి, కల్తీ బయటపడకుండా రంగు సీసాల్లో అమ్మేవారు. హైంజ్ తన పచ్చడిని తెల్లటి గాజు సీసాలో పెట్టాడు. లోపల ఏముందో కొనేవాడికి కనిపిస్తుంది, అంతే. ప్రకటనకు పైసా ఖర్చు లేదు. నా లెక్కలో ఆయన చేసిన అసలు ఇన్వెన్షన్ ఇదే, కెచప్ కాదు.

1869లో క్లారెన్స్ నోబుల్ అనే స్నేహితుడితో కలిసి హైంజ్ అండ్ నోబుల్ కంపెనీ పెట్టాడు. వ్యాపారం బాగానే పెరిగింది. ఇలినాయిస్‌లోని వుడ్‌స్టాక్ వైపు రైతులతో ఒప్పందం రాసుకున్నారు: ఫలానా ఎకరాల్లో పండిన దోసకాయలు మొత్తం ముందే అనుకున్న ధరకు మేమే కొంటాం అని. మన కుప్పం వైపు గెర్కిన్ దోస వేసే రైతులకు ఈ తరహా కాంట్రాక్టు బాగా తెలుసు. తిరకాసు ఎక్కడంటే, ఒప్పందంలో ధరకు లెక్క ఉంది, పంటకు లేదు. 1875లో దోస విరగకాసింది. బండ్ల మీద బండ్లు వచ్చి పడుతున్నాయి, ప్రతి బుట్టకూ డబ్బు కట్టాలి. ఇటు 1873 నాటి బ్యాంకుల సంక్షోభం ఇంకా తగ్గలేదు, అప్పు పుట్టదు. ఆ డిసెంబరులో కంపెనీ మూతపడింది.

దివాలా తీసినవాడు తన పేరు మీద వ్యాపారం పెట్టలేడు. అందుకే 1876లో తమ్ముడు జాన్, దాయాది ఫ్రెడరిక్ పేర్ల మీద ఎఫ్ అండ్ జె హైంజ్ మొదలైంది. భార్య, తల్లి కూడా డబ్బు సర్దారు. అసలు మనిషి మాత్రం అందులో జీతానికి పనిచేశాడు. టొమాటో కెచప్ ఆ ఏడాదే వచ్చింది. పాత అప్పులు తీర్చాల్సిన అవసరం చట్టం ప్రకారం ఆయనకు లేదు. అయినా ఎవరికి ఎంత బాకీయో ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తన వంతు కట్టేశాడు. 1888లో గానీ కంపెనీ మళ్ళీ పూర్తిగా ఆయన చేతికి, ఆయన పేరు మీదకు రాలేదు. అంటే పన్నెండేళ్ళు! సీవీలో రెండేళ్ళ గ్యాప్ కనిపిస్తేనే మనం కంగారుపడతాం.

ఇక రైలు పెట్టె దగ్గరికి వద్దాం. దోసకాయలో నూటికి 95 వంతులు నీళ్ళే. కోసిన కొద్ది రోజులకే మెత్తబడుతుంది. ఫ్యాక్టరీ ఏమో ఎక్కడో దూరాన. అందుకని పొలాల దగ్గరే, రైలు పట్టాల పక్కన ఉప్పువేసే కేంద్రాలు పెట్టారు. రైతు తెచ్చిన కాయల్ని సైజుల వారీగా ఏరి, పెద్ద తొట్లలో ఉప్పునీళ్ళు పోసి ఊరబెడతారు. అలా ఊరిన కాయ నెలల తరబడి చెడదు. ఫ్యాక్టరీకి ఎప్పుడు ఎంత కావాలంటే అప్పుడు అంత పంపొచ్చు. సప్లై చైన్ ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్ళు గమనించండి: పంట ఒక్కసారిగా వచ్చి పడే సమస్యకు ఇదొక మంచి మందు. అతి పంటతో మునిగిన మనిషికి ఆ విలువ ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

తొట్లు చెక్కవే ఎందుకంటారా? ఉప్పు, పులుపు కలిసి ఇనుమును తినేస్తాయి. ఆవకాయను మన అమ్మమ్మలు ఇనప డబ్బాలో కాక జాడీలో పెట్టడానికి కారణం కూడా అదే. చెక్క పలకలను నిలువుగా పేర్చి, చుట్టూ లోహపు కట్లు బిగిస్తే, తడికి చెక్క ఉబ్బి సందులు తనంతట తనే మూసుకుంటాయి. ఒకే పెద్ద ట్యాంకు కాకుండా విడివిడి తొట్లు పెడితే సైజులు కలవవు, ఒకటి కారినా మిగతావి దక్కుతాయి, బండి ఊగినప్పుడు నీళ్ళ బరువంతా ఒక పక్కకు దూకదు. స్లాషింగ్ అని మనం ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివేది ఇదే.

అమ్మకంలోనూ హైంజ్ గట్టివాడు. 1886లో లండన్ వెళ్ళినప్పుడు శాంపిళ్ళ సంచితో ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అనే పెద్దింటివాళ్ళ దుకాణానికి ముందు గుమ్మం నుంచే వెళ్ళి ఆర్డరు తెచ్చుకున్నాడు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన స్టాల్ మేడ మీద పడింది. మెట్లెక్కి ఎవరూ రావడం లేదు. బహుమతి ఇస్తామని చిన్న చీటీలు అచ్చువేయించి మైదానమంతా పంచాడు. జనం ఎగబడ్డారు. ఆ బహుమతి ఆకుపచ్చటి చిన్న దోసకాయ బొమ్మ. 1896లో న్యూయార్క్ రైల్లో వెళ్తూ 21 రకాల చెప్పుల ప్రకటన చూసి 57 రకాలు అనే నినాదం పట్టాడు. అప్పటికే తన దగ్గర 60కి పైగా సరుకులున్నాయి! నంబరు చెవికి బాగుందని ఉంచేశాడు. డేటా అనలిస్టులకు ఇది రుచించదు, నాకూ రుచించలేదు.

పిట్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలకు మేడ మీద తోట, వారానికోసారి గోళ్ళ శుభ్రత, భోజనశాల ఏర్పాటు చేశాడు. చూడ్డానికి సందర్శకుల్ని కూడా రానిచ్చేవాడు. మంచిదే, కానీ మేడ మీద తోట జీతానికి బదులు కాదు. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు ఆ రెండింటినీ విడివిడిగా చదవండి. 1906లో ఆహార కల్తీని అడ్డుకునే చట్టం వచ్చినప్పుడు చాలా కంపెనీలు ఎదురు తిరిగితే, హైంజ్ దాన్ని సమర్థించాడు. తెల్ల సీసాలో అమ్మేవాడికి ఆ చట్టంతో నష్టమేముంది?

1919 మే 14న న్యుమోనియాతో చనిపోయాడు, 74 ఏళ్ళు. చెక్క తొట్ల పెట్టెలు ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు తిరిగి, క్రమంగా పట్టాల మీద నుంచి మాయమయ్యాయి. ఇప్పుడవి ఎక్కువగా కనిపించేది బొమ్మ రైళ్ళు కట్టేవాళ్ళ బల్లల మీదే. ఆ అభిరుచిలో బాగా వాడే స్కేలు 1:87, అంటే 40 అడుగుల పెట్టె 14 సెంటీమీటర్లకు వస్తుంది. అంత చిన్నదాంట్లోనూ తొట్టి పలకల మధ్య గీతలు, చుట్టూ కట్లు, పైన మూతలు విడివిడిగా తెలియాలి. పక్కన హైంజ్ పేరు, ఆకుపచ్చ దోసకాయ సరే సరి.