నీలి రంగు ట్యూబ్‌లో దొరికిన ఏటీపీ

బోధన్ నుంచి రోజూ బస్సులో నిజామాబాద్ వచ్చి బయోకెమిస్ట్రీయో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో చదువుతున్నారా? అయితే ఫాస్ఫరస్ టెస్ట్ చేసేటప్పుడు ట్యూబ్‌లో నీలి రంగు చూసే ఉంటారు. ఆ పద్ధతి పేరు ఫిస్కే-సుబ్బారావ్ మెథడ్. రికార్డులో రాసి, సంతకం పెట్టించుకుని మర్చిపోయి ఉంటారు. ఆ సుబ్బారావు మన తెలుగాయనే, యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ పాసవలేదు. సప్లీ రాస్తున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇద్దరు అన్నదమ్ముల్ని కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకెళ్లింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు, తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా చేతికొచ్చింది.

1922లో బోస్టన్ చేరారు. చేతిలో డబ్బుల్లేవు. రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. తర్వాత సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో చేరారు. అక్కడ ఆయన చేసిన మొదటి పెద్ద పని ఏదో మందు కనిపెట్టడం కాదు, ఫాస్ఫరస్‌ను సరిగ్గా కొలవడం. శాంపిల్‌లోని ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలుస్తుంది, దాన్ని క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో ఈ పద్ధతి అచ్చయింది. చక్కెర ఫ్యాక్టరీల్లో చెరకు రసంలోని ఫాస్ఫేట్‌ను కొలవడానికీ ఈ నీలి రంగు సూత్రమే వాడతారు. రసం బాగా తేటపడాలంటే అందులో తగినంత ఫాస్ఫేట్ ఉండాలి మరి.

కొలత చేతికొచ్చాక దారి తెరుచుకుంది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు.

ఏటీపీ కండరాలకే పరిమితం అనుకోకండి. మీ కాలేయాన్నే తీసుకోండి. కాలేయ కణాల పొర మీద ట్రాన్స్‌పోర్టర్ ప్రోటీన్లు ఉంటాయి, ఒకరకంగా గేట్లు. ఎన్‌టీసీపీ అనే గేటు రక్తంలోని పైత్య లవణాలను సోడియంతో పాటు లోపలికి లాగుతుంది. ఆ సోడియం తేడాను నిలబెట్టే పంపు ఏటీపీ ఖర్చు చేస్తేనే నడుస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావంతో ఎన్‌టీసీపీలోని సిస్టీన్‌కు నైట్రోసో గుంపు అతుక్కుంటే, లోపలికి లాగడం తగ్గుతుందని కాలేయ కణాలపై ప్రయోగాల్లో తేలింది. అంటే గేటుకు కరెంటు ఉంది, స్విచ్చీ ఉంది. ఆ కరెంటు లెక్క తేల్చినవాళ్లలో మనాయన ఒకరు.

ఇంత చేసినా హార్వర్డ్ పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన బృందం కాలేయం నుంచి ఫోలిక్ యాసిడ్‌ను వేరు చేసి, కృత్రిమంగానూ తయారుచేసింది. క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, ఫైలేరియా మాత్రల్లోని డీఈసీ, టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్ ఆయన నడిపిన పరిశోధనల నుంచే వచ్చాయి. స్ప్రూ జబ్బుకు ఇప్పుడిచ్చే మందులేంటో తెలుసా? ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. అన్నదమ్ములకు అందని మందులు లోకానికి అందాయి. ఆయన మాత్రం మళ్లీ ఇల్లు చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, అమెరికాలో కన్నుమూశారు. నోబెల్ రాలేదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అక్కడి ల్యాబ్ ఉద్యోగాలూ పోయాయి. కానీ కొలవడం వచ్చినవాళ్లకు ఫార్మా కంపెనీలు, ఆస్పత్రులు, నీటి పరీక్షల ల్యాబ్‌లు ఉన్నాయి. ఈసారి ట్యూబ్‌లో నీలి రంగు వచ్చినప్పుడు పక్కవాడి రికార్డులోంచి రీడింగ్ ఎక్కించకండి. స్టాండర్డ్ గ్రాఫ్ మీరే గీయండి. తేడా వస్తే మళ్లీ చేయండి.