యల్లాప్రగడ సుబ్బారావు

ఉద్దేశం

పుదుచ్చేరి పట్టణంలో జిప్‌మర్ ఆసుపత్రి అందరికీ తెలుసు. అదే పట్టణంలో వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ అనే మరో సంస్థ ఉంది. దోమలు, ఇతర కీటకాల ద్వారా వ్యాపించే వ్యాధులపై పరిశోధన కోసం 1975లో దీనిని స్థాపించారు. జీవశాస్త్రం చదివితే డాక్టరు కావాలి, లేకపోతే చదువు వృథా అని చాలామంది అనుకుంటారు. కాని డాక్టరు రాసి ఇచ్చే మందు ఎవరో కనిపెడితేనే వస్తుంది. ఆ పనిలో జీవితం గడిపిన ఒక తెలుగువాని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

చదువులో ఒడిదుడుకులు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. వారిది పేద కుటుంబం. సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో చదివి ఉత్తీర్ణులయ్యారు. తరువాత మామగారి ఆర్థిక సహాయంతో మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులు ధరించినందుకు అక్కడి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. చివరకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. రాలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది.

ఆ రోజుల్లోనే ఆయన సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఈ వ్యాధి వచ్చినవారి పేగులు తిన్న ఆహారంలోని సారాన్ని గ్రహించలేవు. మనిషి రక్తహీనతతో క్షీణించిపోతాడు. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

అమెరికాలో పరిశోధన

సుబ్బారావు భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి అమెరికా చేరారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో చిన్న పనులు చేశారు. అక్కడ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో భాస్వరం ఎంత ఉందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని రూపొందించారు. ఇది 1925లో వెలువడింది. కండరాలలో శక్తికి ఆధారమైన ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వీరు వెల్లడించారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా దీనిని కనుగొన్నారు.

1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

మనకు చేరిన మందులు

ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్లు 1945లో ఆయన బృందం ప్రకటించింది. స్ప్రూ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఇది పనిచేస్తుంది. తన సోదరులను బలిగొన్న జబ్బుకు ఆయన చేతుల మీదుగానే ఒక మందు వచ్చిందన్నమాట. నేడు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలలో ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. దీనికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలను కూడా ఈ బృందం తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ వాటిని రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు వాడగా, కొందరిలో జబ్బు కొంతకాలం తగ్గింది. ఆ జాతి మందు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

1947లో ఈ బృందం బోదకాలు వ్యాధికి డి.ఇ.సి. అనే మందును అందించింది. ఇది రక్తంలో తిరిగే పిల్ల క్రిములను చంపుతుంది. ఈ క్రిములను వ్యాపింపజేసేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53వ ఏట అమెరికాలో మరణించారు. మళ్లీ స్వదేశం చూడలేదు. మన తపాలా శాఖ 1995లో ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

మీ ఊళ్లో పరిశోధన

మందు ఒక్కటే చాలదు. దోమ కూడా తగ్గాలి. అందుకే 1981 నుంచి 1985 వరకు పుదుచ్చేరిలో వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ దోమల నివారణ పథకాన్ని నడిపింది. ఇటువంటి పనికి ఒక్క డాక్టరు సరిపోడు. కాలువల్లో దోమ పిల్లలను లెక్కించేవారు కావాలి. బోదకాలు క్రిములు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి కనుక రాత్రివేళ రక్త నమూనాలు తీసేవారు కావాలి. సూక్ష్మదర్శినిలో చూసేవారు, కీటక శాస్త్రజ్ఞులు, రసాయన శాస్త్రజ్ఞులు, లెక్కలు కట్టేవారు కావాలి. కళాశాలలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం చదివేవారికి ఇవన్నీ దారులే. మీరు చదువు మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టినవారైనా, పరీక్ష ఒకసారి తప్పినవారైనా ఈ దారులు మూసుకుపోలేదు.

ఆలోచించి రాయండి

1. సుబ్బారావు చదువులో ఎదుర్కొన్న ఆటంకాలు ఏవి?
2. స్ప్రూ వ్యాధికి, ఫోలిక్ ఆమ్లానికి గల సంబంధం ఏమిటి?
3. మీ వీధిలో నీరు నిలిచే చోట్లు ఎన్ని ఉన్నాయి? ఒక వారం పాటు గమనించి, దోమ పిల్లలు ఎక్కడ కనిపించాయో పట్టిక రాయండి.