రాతియిండ్లను త్రవ్వి చూచిన మెడోస్ టైలర్

మన పాతనగరమునకు ఈశాన్యమున మౌలాలీ గుట్ట కలదు. ఆ ప్రాంతమున గుండ్రాళ్ళ వలయముల నడుమ ప్రాచీనుల సమాధులు బయల్పడినవి. ఇట్టి కట్టడములను మన పల్లెలలో రాక్షసగుళ్ళని చెప్పుదురు. ఇవి ఇండ్లా, సమాధులా యని మన దక్కనులో తొలుత త్రవ్వి చూచినవారిలో మెడోస్ టైలర్ ముఖ్యుడు. ఆయన జీవితమును సంగ్రహముగా తెలుపుచున్నాము.

టైలర్ 1808లో ఇంగ్లాండులోని లివర్‌పూల్ పట్టణమున జన్మించెను. బాల్యముననే బడి విడిచి ఒక వర్తకునియొద్ద గుమాస్తాగా చేరెను. పదునైదేండ్ల ప్రాయమున బొంబాయికి వచ్చి, 1824లో నిజాము సైన్యమున కుదిరెను. హైదరాబాదులోని ప్రసిద్ధ వర్తకుడు విలియం పామర్ కుమార్తెను వివాహమాడెను. 1839లో థగ్గులను గూర్చిన నవలను ప్రకటించి కీర్తి గాంచెను.

1841 మొదలు 1853 వఱకు ఆయన సురపుర సంస్థాన వ్యవహారములను చక్కబెట్టెను. ఆ సీమ నేడు కర్ణాటకములో చేరియున్నది. అచ్చటి రాజన్‌కోళూరు గ్రామము చెంత పెద్ద బండపలకలను నిలిపి, పైని మఱియొక పలకను కప్పిన గదులు పెక్కులుండెను. కొన్నింటి ముందుపలకకు గుండ్రని రంధ్రమును గలదు. అవి పూర్వము మరుగుజ్జులు కాపురమున్న యిండ్లని జనులు చెప్పుకొనెడివారు. టైలర్ ఆ మాటను త్రోసివేయలేదు, నమ్మి యూరకుండనులేదు. మూసియున్న గదులను త్రవ్వించెను. లోపల ఎముకలు, బూడిద, కుండపెంకులు కనబడెను. అవి బ్రదికినవారి యిండ్లు కావు, మృతుల నిలయములు. జేవర్గియొద్ద రాళ్ళగుట్టల క్రింద అస్థిపంజరములును, ఇనుప ఈటెమొనలును దొరకెను. ఆయన వానినెల్ల కొలిచి, చిత్రించి, 1862లో ఐర్లాండులోని రాయల్ ఐరిష్ అకాడమీకి నివేదించెను.

ఇంగ్లాండు, ఐర్లాండు దేశముల రాతికట్టడములతో వీనికి గల పోలికను చూచి, అన్నిటిని కట్టినది ఒకే జాతియై యుండునని ఆయన తలచెను. ఆ యూహ నిలువలేదు. ఇవి ఇనుము నెఱిగిన దక్కను నివాసులవే యనియు, అధికభాగము క్రీస్తునకు పూర్వము మొదటి సహస్రాబ్దికి చెందినవనియు పిదప తేలెను. అయినను ఆయన కొలతలు, చిత్రములు నేటికిని పనికివచ్చుచున్నవి.

1875లో సాలార్‌జంగు ఆహ్వానమున టైలర్ మరల హైదరాబాదు వచ్చి, జబ్బుపడెను. స్వదేశమునకు మరలుచు 1876లో ఫ్రాన్సులోని మాంతోన్ పట్టణమున కన్నుమూసెను.

మన గుట్టల రాళ్ళు నానాటికి కంకరగా మాఱుచున్నవి. రాతివలయ మెచ్చటనైన కంటబడినచో కదల్పక, కొలిచి, బొమ్మ గీసి, ఉపాధ్యాయులకు తెలుపవలెనని మన విద్యార్థులను కోరుచున్నాము. ఊహ తప్పినను దిద్దుకొనవచ్చును; పగిలిన రాతిని మరల నిలుపజాలము.