ఐడా స్కడ్డర్: ఒకే రాత్రి మూడుసార్లు తలుపు తట్టారు.. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ లేరు! వేలూరు ఆస్పత్రి అలా పుట్టింది

అర్ధరాత్రి పురిటి నొప్పులు. పిలిస్తే వచ్చే దూరంలోనే డాక్టర్ ఉన్నాడు. మందులూ ఉన్నాయి. అయినా తల్లి ప్రాణం దక్కలేదు. ఒకరిది కాదు, ఒకే రాత్రి ముగ్గురిది. కారణం ఒక్కటే.. ఆ డాక్టర్ మగాడు.

చిత్తూరు, కడప వైపు ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ వచ్చే మొదటి మాట.. రాయవేలూరు తీసుకెళ్లారా అని. ఆ వేలూరు సీఎంసీ ఆస్పత్రి ఆడవాళ్ల వైద్యం కోసమే మొదలైందని మాత్రం చాలామందికి తెలియదు.

ఇంతకీ ఎవరీ ఐడా స్కడ్డర్?

ఐడా 1870 డిసెంబర్ 9న రాణిపేటలో పుట్టారు. అమెరికా మిషనరీ డాక్టర్ల కుటుంబం. తాతా డాక్టరే, తండ్రీ డాక్టరే. చిన్నప్పుడే ఇక్కడి భయంకరమైన కరువును కళ్లారా చూశారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి చదువుకున్నారు. ఇండియాకు మళ్లీ రాకూడదనే అనుకున్నారు. తల్లికి ఒంట్లో బాగోలేదని కబురొస్తే 1890లో తిండివనం వచ్చారు. అది కూడా కొన్నాళ్లు ఉండి వెళ్లిపోదామనే.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చాడు. భార్యకు కాన్పు కష్టమైంది, వచ్చి చూడమని ఐడాను బతిమాలాడు. తనకు వైద్యం రాదని, డాక్టరైన తన తండ్రిని తీసుకెళ్లమని ఆమె చెప్పారు. పరాయి మగాడు తన భార్యను చూడటానికి వీల్లేదంటూ అతను వెనుదిరిగాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. తర్వాత ఇంకో హిందూ కుటుంబం నుంచి మరొకరు. అదే కష్టం, అదే జవాబు. తెల్లారాక కనుక్కుంటే ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఈ కథ చెప్పినప్పుడల్లా భర్తల కులం, మతం వినిపిస్తాయి. ఆ ముగ్గురి పేర్లు మాత్రం వినిపించవు.

ఐడా నిర్ణయం మారిపోయింది. తిరిగి అమెరికా వెళ్లి మెడిసిన్‌లో చేరారు. కార్నెల్ మెడికల్ కాలేజీ నుంచి డిగ్రీ తీసుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. అది 1899. ఒక బ్యాంకర్ చనిపోయిన తన భార్య పేరు మీద ఆస్పత్రి కట్టమని 10 వేల డాలర్లు ఇచ్చారు. 1900లో ఇండియాకు వచ్చారు. ఆ ఏడాదే తండ్రి కన్నుమూశారు. పక్కన పెద్ద డాక్టర్ లేరు, జనానికి ఇంకా నమ్మకం కుదరలేదు. అయినా వేలూరులో ఒకే ఒక్క మంచంతో క్లినిక్ పెట్టారు. 1902 నాటికి 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి సిద్ధమైంది.

ఆస్పత్రికి రాలేని వాళ్ల కోసం గుడియాత్తం రోడ్డులో చెట్ల కిందే వైద్యం చేసేవారు. మొదట్లో ఎద్దుల బండి, తర్వాత ఒక చిన్న ప్యూజో కారు. అది చూసి దెయ్యమనుకుని జనం పరుగులు తీశారట!

అయితే అసలు మలుపు ఇది కాదు. ఒక్క లేడీ డాక్టర్ ఎన్ని ఇళ్లకని వెళ్తుంది? ఇక్కడి అమ్మాయిలే డాక్టర్లు కావాలని ఐడాకు అర్థమైంది. 1909లో నర్సింగ్ స్కూల్, 1918లో అమ్మాయిల మెడికల్ స్కూల్ పెట్టారు. ముగ్గురు దరఖాస్తు చేస్తే గొప్పేనని అధికారులు తేలిగ్గా తీసేశారు. డజన్ల కొద్దీ వచ్చాయి. 1922లో తొలి బ్యాచ్‌లో 14 మంది డాక్టర్లుగా బయటికొచ్చారు.

1930ల చివర్లో అంతా మూతపడే పరిస్థితి. ఇకపై ఎంబీబీఎస్ స్థాయి కాలేజీలే ఉండాలని మద్రాసు ప్రభుత్వం తేల్చేసింది. దానికి కోట్లు కాదు గానీ, అప్పటి లెక్కలో చాలా పెద్ద మొత్తమే కావాలి. 70 ఏళ్ల వయసులో ఐడా అమెరికాలో విరాళాల కోసం ఊరూరా తిరిగారు. అక్కడ ఇంకో గొడవ.. నిలబడాలంటే అబ్బాయిలనూ చేర్చుకోవాలి. ఆడపిల్లల కోసమని డబ్బిచ్చిన అమెరికా మహిళలు కొందరు ఒప్పుకోలేదు. పాత స్నేహాలు తెగిపోయాయి. వాళ్ల కోపంలో న్యాయం లేదనలేం. కానీ కాలేజీ బతకడమే ముఖ్యమని ఐడా గట్టిగా నిలబడ్డారు. 1947లో అబ్బాయిలకూ సీట్లిచ్చారు.

ఐడా రిటైరయ్యాక కొద్దికాలానికే ఆ సంస్థ పగ్గాలు ఒక తెలుగు నేల బిడ్డకు దక్కాయి. విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ సీఎంసీకి తొలి భారతీయ డైరెక్టర్ అయ్యారు. ఆమె స్పెషలైజేషన్ కూడా కాన్పులు, స్త్రీల వైద్యమే.

కొడైకెనాల్‌లో 1960 మే 24న ఐడా కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 89 ఏళ్లు. ఆడవాళ్ల కోసం కట్టిన ఆ 40 పడకల షెల్ ఆస్పత్రి వేలూరు ఆరణి రోడ్డులో ఇప్పటికీ ఉంది. ఇప్పుడక్కడ సీఎంసీ కంటి ఆస్పత్రి నడుస్తోంది.