మూడుసార్లు లెక్కలు తప్పిన ఇంజనీరు

ట్యూన్ చేసిన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి ఎల్.ఎస్.డి. వేయాలా వద్దా అని మెకానికల్ వాళ్ల మధ్య వాదన మొదలైతే తెల్లారేదాకా తెగదు. (వేరే బ్రాంచి మిత్రులు కంగారు పడకండి, ఎల్.ఎస్.డి. అంటే ఇక్కడ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ మాత్రమే.) అసలు ఈ వాదనకి మూలపురుషుడు ఎవరా అని వెతుక్కుంటూ పోతే నాకు అలెక్ ఇసిగోనిస్ తగిలాడు. మినీ కారు గీసినవాడు. ఆయన కథ మన క్లాసులో చెప్పరు, అందుకే రాస్తున్నా.

1906లో స్మిర్నాలో పుట్టాడు. ఇప్పుడు ఆ ఊరి పేరు ఇజ్మీర్, టర్కీలో ఉంది. తండ్రి గ్రీకు సంతతివాడు, బ్రిటిష్ పౌరుడు. ఓడల ఇంజన్ల వర్క్‌షాపు నడిపేవాడు. తల్లి జర్మన్ కుటుంబపు అమ్మాయి. 1922లో స్మిర్నా యుద్ధంలో చిక్కుకుంది. బ్రిటిష్ నౌకాదళం తమ పౌరులను ఓడలెక్కించి మాల్టాకి చేర్చింది. ఇల్లు, వర్క్‌షాపు, ఆస్తి అన్నీ వెనకే ఉండిపోయాయి. కొద్దికాలానికే తండ్రి మాల్టాలో చనిపోయాడు. తల్లీకొడుకులిద్దరే ఇంగ్లండ్ చేరారు. అప్పటికి పిల్లాడికి పదహారేళ్లు. ఆ తల్లి 1972లో పోయేదాకా ఆయన ఆమెతోనే ఉన్నాడు, పెళ్లి చేసుకోలేదు.

లండన్‌లో బ్యాటర్‌సీ పాలిటెక్నిక్‌లో చేరాడు. డ్రాయింగ్‌లో దిట్ట. లెక్కల పరీక్ష మాత్రం మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాడు. ఎం-వన్ బ్యాక్‌లాగ్‌తో ఉన్న నా మిత్రులారా, ఇది చదివి మరీ పొంగిపోకండి. ఆయనకి ఆ లోటు పూడ్చే చెయ్యి ఉంది. కాగితం మీద చేత్తో గీసిన బొమ్మల్లోంచే ఆయన కార్లు పుట్టాయి. జార్జ్ డౌసన్ అనే స్నేహితుడితో కలిసి లైట్‌వెయిట్ స్పెషల్ అని ఒక చిన్న రేసు కారుని ఖాళీ సమయంలో, చేతి పనిముట్లతోనే, ఏళ్లతరబడి కట్టాడు. సస్పెన్షన్‌లో రబ్బరు వాడాడు. అంటే రేసింగ్ రుచి తెలియని మనిషేం కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

1936లో మోరిస్ కంపెనీలో చేరాడు. 1948లో మోరిస్ మైనర్ వచ్చింది. తయారీకి ముందు, నమూనా కారు మరీ సన్నగా ఉందనిపించి దాన్ని నిలువునా కోయించి, రెండు ముక్కల్ని నాలుగు అంగుళాలు ఎడంగా జరిపి చూశాడు. నచ్చింది. ఆ వెడల్పే ఖాయమైంది. ఆయన కాలపు మోరిస్ కార్లే మన దేశంలో బేబీ హిందుస్థాన్, హిందుస్థాన్ 14 పేర్లతో తిరిగాయి. మన తాతల కాలంవాళ్లని అడిగితే గుర్తుపడతారు.

1956లో సూయెజ్ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలు రేషన్ అయింది. బి.ఎం.సి. అధిపతి లియొనార్డ్ లార్డ్ అప్పుడే ఆయనకి ఒక పని అప్పగించాడు: నలుగురు పట్టే బుల్లి కారు కావాలి, ఇంజన్ మాత్రం మన దగ్గర ఉన్నదే వాడాలి. పొడవు పది అడుగులు. ఇసిగోనిస్ ఇంజన్ని అడ్డంగా తిప్పి పెట్టాడు. గేర్‌బాక్స్‌కి చోటు లేకపోతే దాన్ని ఇంజన్ కింద నూనె సంప్‌లోనే దూర్చాడు. డిఫరెన్షియల్ కూడా దాని పక్కనే. ఇంజన్, గేర్లు, డిఫరెన్షియల్, మూడింటికీ ఒకటే నూనె! చక్రాలు పది అంగుళాలవి. 1959 ఆగస్టు 26న మినీ బయటికొచ్చింది. 848 సీసీ, 34 హార్స్‌పవర్, ధర 500 పౌండ్లలోపు. మొదటి కార్లలో వాన పడితే ఫ్లోర్ అతుకుల్లోంచి నీళ్లు లోపలికొచ్చేవి. అదీ నిజమే.

ఇక జాన్ కూపర్ వచ్చాడు. ఫార్ములా వన్ కార్లు కట్టే కూపర్ ఈ బుల్లి కారు నడిపి, దీన్ని ట్యూన్ చేద్దామన్నాడు. ఇసిగోనిస్‌కి నచ్చలేదు. ఇది సామాన్యుడి కారు, దీనికి వేగం ఎందుకన్నది ఆయన పట్టు. రేసు కారు సొంతంగా కట్టుకున్న మనిషే ఈ మాట అనడం నాకు మొదట వింతగా తోచింది. కానీ 34 హార్స్‌పవర్‌కి గీసిన డిఫరెన్షియల్ సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? పైవాళ్లు ఒప్పుకోవడంతో 1961లో 997 సీసీ, 55 హార్స్‌పవర్ మినీ కూపర్ వచ్చింది. తర్వాత 1275 దాకా పెరిగింది.

ఇక్కడే మన వాదన. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమాన టార్క్ ఇస్తుంది, కాబట్టి పట్టు తక్కువున్న చక్రం ఎంత తట్టుకుంటే రెండోదానికీ అంతే. మలుపులో లోపలి ముందు చక్రం తేలికవుతుంది, గ్యాస్ నొక్కితే అది గిర్రున తిరిగి కారు ముందుకి కదలదు. మినీలో ఇంకో చిక్కు: లోపలి చిన్న పినియన్లు రెండూ ఒకే పిన్ను మీద తిరుగుతాయి. ఒక చక్రం జారుతూ ఉంటే అవి విపరీత వేగంతో తిరిగి, నూనె అందక, పిన్నుని తినేస్తాయి. ప్లేట్ల ఎల్.ఎస్.డి. వేస్తే చక్రాలు కలిసి లాగుతాయి. కానీ ప్లేట్ల అరుగుదలంతా ఇంజన్ నూనెలోనే కలుస్తుంది, ఒకే సంప్ కదా. నూనె తరచూ మార్చాలి. పైగా స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుంటుంది. రోడ్డు మీద తిరిగే కారుకి క్వైఫ్ లాంటి గేర్ల రకమే మేలని నా ఓటు. ప్లేట్లు లేవు, నెమ్మదిగా పట్టుకుంటుంది. అయితే ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే దాని వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ఏ రకమైనా సాధారణంగా ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి దించాల్సిందే. ఒక్క సాయంత్రంలో అయ్యే పని కాదు.

ఆయన వద్దన్న ఆ కారే 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. 1966లో మొదటి మూడు స్థానాల్లోనూ మినీలే వచ్చాయి, హెడ్‌లైట్ల సాకుతో మూడింటినీ తప్పించారు. ఫిన్లాండ్ డ్రైవర్లు ఎడమ కాలితో బ్రేకు నొక్కుతూనే గ్యాస్ వదలకుండా మలుపులు తిప్పేవారు. మినీ పేరు ప్రపంచమంతా పాకింది.

1969లో ఇసిగోనిస్‌కి సర్ బిరుదు వచ్చింది. అప్పటికే కంపెనీ బ్రిటిష్ లేలాండ్‌లో కలిసిపోయి, ఆయనని పక్కన కూర్చోబెట్టారు. మినీ తర్వాత రావలసిన కారుని 9ఎక్స్ పేరుతో, మినీ కంటే పొట్టిగా, కొత్త ఇంజన్‌తో గీశాడు. యాజమాన్యం దాన్ని తయారీకి తీసుకోలేదు. 1971లో రిటైరైన రోజు ఆయనకి బహుమతిగా ఇచ్చింది పిల్లలాడుకునే మెక్కానో సెట్, అన్నిట్లోకీ పెద్దది. తర్వాత కూడా సలహాదారుగా పనిచేస్తూనే ఉన్నాడు, ఇంట్లో కూర్చుని గేర్లే లేని మినీ మీద ప్రయోగాలు చేశాడు. 1988 అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో చనిపోయాడు. మినీ ఆ తర్వాత పన్నెండేళ్లు, అదే ఒక్క సంప్‌తో, తయారవుతూనే ఉంది.