ముందు సిగ్నల్‌, ఆ తర్వాతే చిప్‌... ఇదీ ఏఎస్‌ రావు రంగం నేర్పే పాఠం

ఉప్పుగూడలో ఉంటూ ఈసీఈ చదివేవాళ్లకు ఈసీఐఎల్‌ చౌరస్తా అంటే నగరానికి అటు చివర. దాని పక్కనే ఏఎస్‌ రావు నగర్‌. ఈ రెండు పేర్ల వెనకా ఉన్నది ఒక్కరే... అయ్యగారి సాంబశివరావు.

ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. బనారస్‌ హిందూ యూనివర్సిటీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో మాస్టర్స్‌ చేశారు. తిరిగొచ్చి హోమీ భాభా బృందంలో చేరారు. 1956లో దేశపు తొలి అణు రియాక్టర్‌ అప్సర మొదలైనప్పుడు, దాని కంట్రోల్‌ వ్యవస్థను రావు నడిపిన ఎలక్ట్రానిక్స్‌ విభాగమే తయారుచేసింది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. రెండేళ్లకే అక్కడ టీడీసీ-12 కంప్యూటర్‌ తయారైంది. 1972లో పద్మభూషణ్‌ అందుకున్నారు. 2003లో కన్నుమూశారు.

ఆయన రంగం అణు పరికరాలు. రేడియేషన్‌ డిటెక్టర్‌ నుంచి వచ్చేది చిన్న పల్స్‌. దాని ఎత్తును బట్టే శక్తి ఎంతో తెలుస్తుంది. ఆ ఎత్తును అంకెగా మార్చేదే ఏడీసీ. అందులో మెట్లన్నీ సమానంగా లేకపోతే స్పెక్ట్రమ్‌లో లేని శిఖరం ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ఈ రంగంలో నెమ్మదైనా సరే, మెట్లు సమానంగా ఇచ్చే విల్కిన్సన్‌ పద్ధతి చాలాకాలం రాజ్యమేలింది.

మన ప్రాజెక్టుల్లో జరిగే పొరపాటు ఇక్కడే. ఎక్కువ బిట్లున్న చిప్‌ కొనేస్తాం, సిగ్నల్‌ ఏంటో చూడం. ఎల్‌ఎం35 సెన్సర్‌ ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 5 వోల్టుల రిఫరెన్స్‌తో 10 బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. అంటే అర డిగ్రీ తేడా తెలుస్తుంది. గది ఉష్ణోగ్రతకు ఇది చాలు. అంతకన్నా సూక్ష్మంగా కావాలంటే 12 బిట్లు తీసుకోవచ్చు, మెట్టు 1.2 మిల్లీవోల్టులకు తగ్గుతుంది. కానీ సర్క్యూట్‌లో నాయిస్‌ అంతకన్నా ఎక్కువుంటే ఆ అదనపు బిట్లు దండగే. అదే ఆడియో అయితే లెక్క వేరు. 20 కిలోహెర్ట్జ్‌ సిగ్నల్‌ పట్టాలంటే సెకనుకు 40 వేలకు మించి శాంపిళ్లు తీయాల్సిందే.

ఇంటర్వ్యూలో ఏ ఏడీసీ వాడతావని అడిగితే టక్కున పార్ట్‌ నంబర్‌ చెప్పేయకండి. సిగ్నల్‌ ఎంత వేగంగా మారుతుంది, ఎంత చిన్న తేడా పట్టుకోవాలి, నాయిస్‌ ఎంత, కరెంటు బ్యాటరీదా సప్లైదా... ముందు ఈ ప్రశ్నలు మీరే వేయండి. డేటాషీట్‌ ఆ తర్వాత తెరవండి. ఇంజినీర్‌కూ, చిప్పుల పేర్లు బట్టీ పట్టినవాడికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.