తన బ్రదుకే సాక్ష్యముగా

ఫ్రెడరిక్ డగ్లస్ జీవితమును తలంచుకొందము. అమెరికాలోని మేరీలాండులో బానిసగా పుట్టిన ఇతడు 1838లో ఉత్తరదిక్కునకు పారిపోయెను. 1841లో నాన్‌టకెట్ దీవిలో, బానిసత్వ నిర్మూలన సంఘమువారి సభలో వణకుచు లేచి, తాను పడిన బాధలనే చెప్పెను. వినినవారి హృదయములు కదలెను. ఆ సంఘము అతనిని ఉపన్యాసకునిగా నియమించెను.

కాని అతడు అంత చక్కగా మాటలాడుట చూచి, ఇతడు బానిసయై యుండడని కొందరు సందేహించిరి. అందుచేత 1845లో తన కథను అచ్చువేయించి, యజమానుల పేర్లను, ఊళ్ల పేర్లను బయలుపరచెను. మరల పట్టుబడు అపాయము కలుగగా సముద్రము దాటి వెళ్లెను. బ్రిటనులోని స్నేహితులు సొమ్ము కూర్చి, 1846లో అతని విడుదలను కొనిరి. 1865లో అమెరికాలో బానిసత్వము రద్దాయెను.

సభలో మనము నిలిచినప్పుడు, వెల చెల్లించుటకు సిద్ధపడి చెప్పిన అనుభవమే వినువారిని ఒప్పించునని గ్రహింతము.